తిప్పడం వేరు, తిరగేయడం వేరు!

ఈ వారం ఉత్తరం పాశమైలారం నుంచి వచ్చింది. అక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చూసే చెల్లెలు రాసింది. తన పేరూ, కంపెనీ పేరూ వేయవద్దని కోరింది కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"అక్కా! మార్చి 4న జాతీయ భద్రతా దినం వస్తుంది కదా. కార్మికులకు చూపించడానికి మా షెడ్డు ప్లానును పవర్‌పాయింట్‌లో గీసి ఇచ్చారు. మిషన్లు ఎక్కడ, మంటలార్పే సిలిండర్లు ఎక్కడ, ప్రమాదం వస్తే ఏ తలుపు నుంచి బయటికి పోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా సార్ చూసి 'బొమ్మ జర ఇటు తిప్పమ్మా, హెడ్డింగుకు జాగా కావాలె' అన్నారు. మెనూలో చూస్తే రొటేట్ అని రెండు, ఫ్లిప్ అని రెండు ఉన్నాయి. ఫ్లిప్ హారిజాంటల్ నొక్కితే సరిగ్గా కుదిరింది. అక్షరాలన్నీ చక్కగా చదవడానికి వస్తున్నాయి. కానీ ప్యాకింగ్‌లో పనిచేసే పెద్దమ్మ ఒకామె చూసి, 'బిడ్డా, గా తలుపు మనకు ఎడమ దిక్కుంటది గద, గీడ కుడి దిక్కున్నదేంది?' అంది. అక్షరం ఒక్కటి కూడా తిరగబడనప్పుడు ప్లాను ఎలా తిరగబడిందక్కా? ఏది నొక్కితే ఏమవుతుందో వివరంగా రాయండి."

ముందుగా ఆ పెద్దమ్మకు నా నమస్కారం! రోజూ ఆ షెడ్డులో నడిచే మనిషి కాబట్టి చూడగానే పట్టేసింది. ఇక చెల్లెలి ప్రశ్నకు వద్దాం. ఇది ఒక్క ఆఫీసు సమస్య కాదు. పిల్లల స్కూలు ప్రాజెక్టు చేసే తల్లులకూ, శుభలేఖలు తయారుచేసే అమ్మాయిలకూ, కుట్టుపని చేసుకునే సోదరీమణులకూ అందరికీ పనికొచ్చే సంగతే.

దోసెతో తేలిపోతుంది

చిక్కంతా మన 'తిప్పు' అనే మాటతోనే వస్తోంది. స్టవ్ నాబ్ తిప్పు అంటాం, పేజీ తిప్పు అంటాం, దోసె తిప్పు అంటాం. మూడూ ఒక పని కాదు కదా! కంప్యూటర్‌కు మాత్రం ఏ తిప్పుడో కచ్చితంగా చెప్పాలి.

పెనం మీద దోసె ఉంది. అంచు ఒక పక్కే కాలుతోందని దాన్ని పెనం మీదే చక్రంలా జరిపారనుకోండి, అది రొటేట్. దోసె పైవైపు పైనే ఉంది, ఎటు చూస్తోందో అది మాత్రం మారింది. అట్లకాడతో తీసి బోర్లా వేశారనుకోండి, అది ఫ్లిప్. అందుకే మొదటిదాన్ని 'తిప్పడం' అనీ, రెండోదాన్ని 'తిరగేయడం' అనీ మనం అనుకుందాం.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక కాగితం మీద మీ కుడి అరచెయ్యి ఆనించి చుట్టూ గీత గీసి, కత్తిరించి, 'కుడి' అని రాసిన వైపు పైకి ఉండేలా టేబుల్ మీద పెట్టండి. ఇప్పుడు ఎన్ని చుట్లు తిప్పినా, తలకిందులుగా పెట్టినా అది కుడిచెయ్యిగానే ఉంటుంది. ఒక్కసారి బోర్లా వేయండి, ఎడమచెయ్యి అయిపోతుంది! ఈ వారం పాఠం అంతా ఇదే. తిప్పితే కుడి కుడిగానే ఉంటుంది. తిరగేస్తే కుడి ఎడమవుతుంది.

మెనూలో ఏది ఎక్కడ?

పవర్‌పాయింట్‌లో ఫొటో మీద క్లిక్ చేయగానే పైన పిక్చర్ ఫార్మాట్ అనే వరుస వస్తుంది. మనం గీసిన ఆకారాలైతే షేప్ ఫార్మాట్ అని వస్తుంది. అందులో కుడివైపుగా రొటేట్ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఇవి కనిపిస్తాయి:

రొటేట్ రైట్ 90: గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు.
రొటేట్ లెఫ్ట్ 90: దానికి ఎదురు దిశలో పావు చుట్టు.
ఫ్లిప్ హారిజాంటల్: కుడి ఎడమలు తారుమారు. అద్దంలో చూసుకున్నట్టు.
ఫ్లిప్ వర్టికల్: పైకిందులు తారుమారు. చెరువు గట్టున చెట్టు నీడ నీళ్లలో పడినట్టు.
మోర్ రొటేషన్ ఆప్షన్స్: ఎన్ని డిగ్రీలు కావాలో అంకె వేసి తిప్పుకోవడానికి.

వర్డ్‌లోనూ, ఎక్సెల్‌లోనూ దాదాపు ఇవే. గూగుల్ స్లైడ్స్‌లో అరేంజ్ మెనూలో రొటేట్ కింద దొరుకుతాయి. ఉచితంగా వచ్చే లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్‌లో షేప్ మెనూలో చూడండి.

మెనూకి పోకుండా కూడా తిప్పవచ్చు. బొమ్మ మీద క్లిక్ చేస్తే తలమీద చిన్న గుండ్రటి బాణం కనిపిస్తుంది. దాన్ని మౌస్‌తో పట్టుకుని లాగితే బొమ్మ తిరుగుతుంది. లాగేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి ఉంచితే 15 డిగ్రీల చొప్పున లెక్కగా తిరుగుతుంది, వంకర పోదు. ఏదైనా తేడా వస్తే కంగారు పడకండి, కంట్రోల్-జెడ్ నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది.

చాలామంది పొరబడేది ఒకటుంది. ఫ్లిప్ వర్టికల్ చేసినా, 180 డిగ్రీలు తిప్పినా ఒకటే అనుకుంటారు, రెండింటిలోనూ తల కిందికి పోతుంది కాబట్టి. ఒకటి కాదు! తలకిందులుగా వేలాడదీసిన గబ్బిలం వేరు, నీళ్లలో కనిపించే నీడ వేరు. నీడలో కుడి ఎడమలు తప్పిపోతాయి. అయితే ఫ్లిప్ వర్టికల్ ఒకసారి, ఫ్లిప్ హారిజాంటల్ ఒకసారి, రెండూ చేస్తే మాత్రం సరిగ్గా 180 డిగ్రీలు తిప్పినట్టే అవుతుంది. బోర్లా వేసిన దోసెను మళ్లీ బోర్లా వేస్తే మొదటి వైపు పైకి వచ్చినట్టన్నమాట.

మరి అక్షరాలెందుకు తిరగబడలేదు?

చెల్లెలి అసలు సందేహం ఇదే. ప్లాను ఫొటో అయి ఉంటే ఫ్లిప్ చేయగానే అక్షరాలు కూడా అద్దంలోలా తిరగబడేవి, తప్పు వెంటనే తెలిసిపోయేది. కానీ ఆ ప్లానును పవర్‌పాయింట్‌లోనే గీతలతో, డబ్బాలతో గీసి గ్రూపు చేశారు. అలాంటి గ్రూపును ఫ్లిప్ హారిజాంటల్ చేస్తే డబ్బాలు అటువి ఇటు, ఇటువి అటు పోతాయి గానీ, వాటిలోని అక్షరాలను పవర్‌పాయింట్ మనం చదువుకోవడానికి వీలుగా నిటారుగానే ఉంచుతుంది. అంటే 'అత్యవసర ద్వారం' అనే మాట చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, అది ఉండేది మాత్రం ఎదుటి గోడ మీద! తప్పు చేసినట్టు కంప్యూటర్ ఒక్క ముక్క చెప్పదు. ఫొటో కంటే ఇదే ఎక్కువ ప్రమాదం.

ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిల్ము ఎప్పుడైనా గమనించారా? ఒక మూల ఎడమ అనో కుడి అనో తెలిపే ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటుంది. ఫిల్మును తిరగేసి పట్టుకుంటే గుండె కుడివైపున్నట్టు కనిపిస్తుంది, అప్పుడు నిజం చెప్పడానికి ఆ గుర్తే సాక్షి. మనం కూడా ప్లానులకు అలాంటి సాక్షిని పెట్టుకోవాలి. గీయడం పూర్తయ్యాక గ్రూపు మీద కుడి బటన్ నొక్కి సేవ్ యాజ్ పిక్చర్ చేయండి. స్లైడులో ఆ ఫొటోనే పెట్టండి. ఇక ఎవరు పొరబాటున ఫ్లిప్ చేసినా అక్షరాలు ఉల్టా అయి కేక పెడతాయి.

ఫ్యాక్టరీ బొమ్మలతో పరాచికాలు వద్దు

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనకూ ఇలాంటి బొమ్మలకూ నేను ముడిపెట్టడం లేదు. కానీ పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు షిఫ్టుకు పోయేవారే. పొగ కమ్ముకున్నప్పుడు మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు. బొమ్మలో చూసింది ఏ వైపు గుర్తుంటే ఆ వైపే పరుగెత్తుతారు. అందుకని మూడు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. హెడ్డింగుకు జాగా కావాలంటే ప్లానును పక్కకు జరపండి, కొంచెం చిన్నది చేయండి, లేదా హెడ్డింగునే అటువైపు పెట్టండి. ప్లానును తిరగేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

రెండు. తిప్పడం తప్పు కాదు, కొన్నిసార్లు తప్పనిసరి కూడా. ప్లాను ఉత్తరపు గోడకు అంటించారనుకోండి, దాన్ని చూసే మనిషి ఉత్తరం వైపు తిరిగి నిలబడతాడు. అతని ముందున్నది కాగితంలో పైన ఉండాలి, కుడిచేతి వైపున్నది కుడిపక్కనే ఉండాలి. అదే కాగితాన్ని దక్షిణపు గోడకు అంటిస్తే అన్నీ తారుమారవుతాయి. అక్కడి కోసం 180 డిగ్రీలు రొటేట్ చేసిన కాపీ వేరే తీయాలి. ఫ్లిప్ కాదు సుమా! అక్షరాలు తలకిందులవుతాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ నిటారుగా తిప్పుకోవాలి. కాస్త శ్రమే, కానీ చేసి తీరాల్సిన శ్రమ.

మూడు. ఆకుపచ్చ రంగులో తలుపులోంచి పరుగెత్తే మనిషి గుర్తు అందరూ చూసే ఉంటారు. జపాన్‌కు చెందిన యుకియో ఓటా రూపకల్పన చేసిన గుర్తు అది. అంతర్జాతీయ ప్రమాణాల్లో అది రెండు రకాలుగా ఉంది, ఎడమకు పరుగెత్తేది ఒకటి, కుడికి పరుగెత్తేది ఒకటి. తలుపు ఏ వైపుంటే మనిషి ఆ వైపే పరుగెత్తాలి. స్లైడులో అందంగా లేదని తిరగేశామా, జనాన్ని గోడ వైపు పంపినట్టే.

వాల్వుల బొమ్మలూ అంతే. మామూలుగా గడియారం ముల్లు వైపు తిప్పితే వాల్వు మూసుకుంటుంది. ఆ గుండ్రటి బాణం బొమ్మను ఎంత రొటేట్ చేసినా దిశ మారదు, ఫ్లిప్ చేస్తే 'మూయు' కాస్తా 'తెరువు' అయిపోతుంది! వెల్డింగు షెడ్డులో ఆక్సిజన్ సిలిండర్‌కు కుడివాటం మరలు, ఎసిటిలీన్ సిలిండర్‌కు ఎడమవాటం మరలు ఉండేది ఒకదాని గొట్టం ఇంకోదానికి తగిలించకుండానే. మర బొమ్మను తిరగేస్తే ఆ తేడా తప్పుగా కనిపిస్తుంది.

అట్టపెట్టెల మీద రెండు బాణాలు పైకి చూపిస్తూ 'ఈ వైపు పైకి' అని ఉంటుంది కదా, అక్కడ మాత్రం ఫ్లిప్ హారిజాంటల్ చేసినా నష్టం లేదు, 180 డిగ్రీలు తిప్పితేనే కొంప మునుగుతుంది. కాబట్టి ఏ బొమ్మకు ఏది ప్రాణమో చూసుకోవాలి, పైకిందులా, కుడి ఎడమలా అని.

చింతపండు చెప్పిన నీతి

మన ప్రాంతంలో మందుల ఫ్యాక్టరీలు ఎక్కువ. అక్కడ ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలు రసాయనాల బొమ్మలను స్లైడుల్లో పెడుతుంటారు. వాళ్లకు ఈ కుడి ఎడమల గొడవ ఇంకా ముఖ్యం.

చింతపండు పులుపుకు ముఖ్యకారణం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షసారా తయారీలో కూడా ఇది దొరుకుతుంది. 1848లో లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, స్ఫటికాలు రెండు రకాలుగా కనిపించాయి. అన్నీ ఒకే ఆకారం, కానీ కొన్ని కుడిచేతి తొడుగుల్లా, కొన్ని ఎడమచేతి తొడుగుల్లా! మనం బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆయన వాటిని ఓపికగా వేరుచేశాడు. ఒకే పదార్థం అద్దంలో ప్రతిబింబంలా రెండు రూపాల్లో ఉండవచ్చని అలా తెలిసింది.

అయితే ఏమిటంటారా? మన పుదీనాకు ఆ వాసన తెచ్చే కార్వోన్ అనే పదార్థాన్నే తిరగేస్తే అది సీమ జీలకర్ర వాసన వేస్తుంది! ముక్కుకే ఇంత తేడా తెలిస్తే ఒంటికి తెలియదా? థైరాయిడ్ తక్కువున్నవాళ్లు పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర పేరు చూడండి, లెవోథైరాక్సిన్. లెవో అన్నది ఎడమ అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. దీని ప్రతిబింబం పేరు డెక్స్‌ట్రోథైరాక్సిన్. దాన్ని కొలెస్ట్రాల్ తగ్గించడానికి అమెరికాలో గుండెజబ్బు ఉన్నవారికి ఇచ్చి పరీక్షించారు. మేలుకన్నా కీడే ఎక్కువని తేలి 1970ల మొదట్లో ఆ ప్రయోగంలో ఆపేశారు.

రసాయనం బొమ్మలో నిండు త్రికోణపు గీత మనవైపు వచ్చే బంధం, గీతలు గీతలుగా ఉండేది వెనక్కి పోయే బంధం. ఆ బొమ్మను కాగితం మీద ఎన్ని డిగ్రీలు రొటేట్ చేసినా మందు అదే. ఒక్కసారి ఫ్లిప్ చేస్తే దాని ప్రతిబింబం, అంటే వేరే మందు! స్లైడులో అందం కోసం నొక్కిన ఒక్క బటన్‌తో మాత్ర పేరు ఒకటి, బొమ్మ ఒకటి అవుతుంది.

ఇంట్లో, పూజలో, పెళ్లిలో

వినాయకచవితి ఆహ్వానం చేస్తున్నారా? ఇళ్లలో ఎక్కువగా పూజించేది తొండం ఎడమవైపు తిరిగిన గణపతిని. ఫ్లిప్ చేస్తే తొండం అటు తిరుగుతుంది. వేంకటేశ్వరస్వామి ఫొటోను తిరగేస్తే శంఖుచక్రాలు చేతులు మారిపోతాయి. శుభలేఖ మీది స్వస్తికను పావు చుట్టు తిప్పితే మారదు, తిరగేస్తే అపసవ్యమవుతుంది. చాలా అరుదని చెప్పుకునే దక్షిణావర్త శంఖం సంగతి చెప్పనా? మామూలు శంఖం ఫొటోను ఫ్లిప్ చేస్తే చాలు, దక్షిణావర్తం తయారు! అలాంటి ఫొటో పంపి ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్త పడండి. పెళ్లి ఫొటోలో పైట కుడి భుజం మీద కనిపిస్తే అదీ ఫ్లిప్ మహిమే.

ఆగస్టు 15కు పిల్లల స్లైడుల్లో జెండాను నిలువుగా పెట్టాలంటే జాతీయ పతాక నియమావళి ప్రకారం కాషాయం రంగు చూసేవారికి ఎడమవైపు రావాలి. మామూలు జెండా బొమ్మకు రొటేట్ లెఫ్ట్ 90 నొక్కండి, సరిపోతుంది. రొటేట్ రైట్ నొక్కితే తప్పు.

తిరగేస్తేనే కుదిరే పనులు

ఫ్లిప్‌ను తిట్టడమే పని కాదు, దాని ఉపయోగాలూ చూద్దాం.

జాకెట్టు ముందుభాగాలు రెండూ ఒకదానికొకటి ప్రతిబింబాలు. డిజైను ఒకవైపే ఉన్న గుడ్డను రెండుసార్లూ ఒకే తీరున పెట్టి కత్తిరిస్తే రెండూ ఒకే పక్కవి వస్తాయి, గుడ్డ దండగ! కంప్యూటర్‌లో ప్యాటర్న్ గీసుకునేవారు ఒక పక్క గీసి, కాపీ తీసి, ఫ్లిప్ హారిజాంటల్ చేసుకోవాలి. రెండు చేతులకూ జత కుదిరే గోరింటాకు డిజైన్లకూ, కృష్ణాష్టమికి గడప నుంచి వేసే చిన్ని పాదాలకూ ఇదే పద్ధతి.

టీషర్టు మీద ఇస్త్రీపెట్టెతో అంటించే ట్రాన్స్‌ఫర్ కాగితాలు, లేత రంగు బట్టలకు వాడేవైతే ముందే ఫ్లిప్ చేసి ప్రింటు తీయాలి. అప్పుడే బట్ట మీద అక్షరాలు సరిగ్గా వస్తాయి. ముదురు రంగు బట్టల కాగితాలకు సాధారణంగా అక్కర్లేదు, ప్యాకెట్ మీద చూసుకోండి. ముంబయి రోడ్డు మీద అంబులెన్సు ముందు భాగాన అక్షరాలు ఉల్టాగా రాసి ఉండేదీ ఇందుకే, ముందు వెళ్లే డ్రైవరు తన అద్దంలో సూటిగా చదువుకోవాలని.

ఎనిమిది రేకుల ముగ్గు

సంక్రాంతికి పిల్లలతో చేయించండి. పవర్‌పాయింట్‌లో ఒక రేకు గీయండి. కంట్రోల్-డి నొక్కితే ఇంకొకటి వస్తుంది. దాన్ని ఫ్లిప్ వర్టికల్ చేసి, రెండు రేకుల మొనలు తగిలేలా కిందా మీదా పెట్టి, రెండింటినీ ఎంచుకుని కంట్రోల్-జి నొక్కితే జంట అవుతుంది. ఏ బొమ్మయినా తన మధ్యబిందువు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఈ జంట మొనలు కలిసిన చోటే కుదురుగా తిరుగుతుంది. ఆ జంటకు మూడు కాపీలు తీసి 45, 90, 135 డిగ్రీలు తిప్పండి. నాలుగింటినీ ఎంచుకుని అలైన్‌లో సెంటర్, మిడిల్ నొక్కితే ఎనిమిది రేకుల పద్మం సిద్ధం!

చిట్కాలు

* సెల్‌ఫోన్ ఫొటో స్లైడులో అడ్డంగా పడితే రొటేట్ మాత్రమే చేయండి. స్కాన్ చేసిన దరఖాస్తులకూ అంతే.
* సెల్ఫీలో వెనకున్న బోర్డు మీది అక్షరాలు ఉల్టాగా ఉంటే అప్పుడు ఫ్లిప్ హారిజాంటల్ చేయండి.
* ఫొటోలో అక్షరాలు లేకపోతే గడియారం, పైట, చొక్కా జేబు చూసి కుడి ఎడమలు పోల్చుకోండి.
* ప్లాను ప్రింటు తీశాక గోడకు అంటించే ముందు దాన్ని చేత్తో పట్టుకుని ఆ చోటికే వెళ్లి నిలబడండి. బొమ్మలో తలుపు ఎటుందో నిజంగా అటే ఉందా చూడండి. అక్కడ రోజూ పనిచేసేవారిని ఇద్దరిని పిలిచి చూపించండి.
* ఎవరైనా 'కాస్త ఇటు తిప్పు' అంటే వెంటనే మౌస్ పట్టుకోకండి. "తిప్పమంటారా, తిరగేయమంటారా?" అని అడగండి. పెద్ద ఆఫీసరైనా సరే, అడగడంలో నామోషీ లేదు.

పాశమైలారం చెల్లెలూ, ఫ్లిప్ హారిజాంటల్‌నే ఇంకోసారి నొక్కు, ప్లాను యథాస్థానానికి వస్తుంది. తర్వాత హెడ్డింగును పక్కకు జరుపు. ఫొటోగా సేవ్ చేసి, ప్రింటు తీసి, ముందుగా ఆ పెద్దమ్మకే చూపించు. ఆమె సరేనన్నాక గోడకు అంటించు.

వచ్చే వారం: వర్డ్‌లో ఫొటో పెట్టగానే అక్షరాలు చెల్లాచెదురవుతున్నాయా? కుదురుగా కూర్చోబెట్టడం ఎలాగో తెలుసుకుందాం.